డబ్బాలో ఏముందో చెప్పండి, విడిభాగం అమ్మండి

ఇంటి రంగులు, కుళాయిలు, దీపాలు, చెక్క పలకలు తయారుచేసే సంస్థల యాజమాన్యాలకు,
ఆ సరుకులకు ప్రమాణాలు నిర్ణయించే అధికారులకు,

నమస్కారం.

మీ వస్తువులు లేకుండా మా ఇళ్ళలో ఒక్క రోజు కూడా గడవదు. వాటిలో చాలావరకు బాగానే పనిచేస్తున్నాయి. ఆ మాట ముందుగా చెప్పి విషయానికొస్తున్నాను.

ఏడాదిన్నర కిందట మా స్నానాల గదిలో కుళాయి కారడం మొదలుపెట్టింది. పగలు తెలిసేది కాదు, రాత్రి ఇల్లు సద్దుమణిగాక టప్‌ టప్‌మని వినిపించేది. ఒక ఆదివారం నీళ్ళు కట్టేసి, పిడి మీదున్న చిన్న మూతను గోటితో లేపి, లోపలి స్క్రూ విప్పి, పానాతో ఇత్తడి నట్టు తిప్పితే బొటనవేలంత కార్ట్రిడ్జ్, అంటే నీటిని వదిలి ఆపే భాగం, చేతికొచ్చింది. లోపలి రెండు పింగాణీ బిళ్ళలూ అద్దంలా మెరుస్తున్నాయి, వాటికేమీ కాలేదు. అడుగున ఉన్న రబ్బరు రింగు మాత్రం ఒకవైపు నలిగిపోయి, అంచు తెగి ఉంది. చిటికెన వేలికి కూడా ఎక్కనంత చిన్న రింగు. జబ్బంతా అక్కడే ఉంది.

ఆ రింగు కోసం తిరగని దుకాణం లేదు. "అది విడిగా రాదండీ. ఆ మోడల్ కార్ట్రిడ్జ్ కూడా ఇప్పుడు రావడం లేదు. కుళాయి మొత్తం మార్చేసుకోండి" అన్నారు. తయారుచేసిన సంస్థకు ఉత్తరం రాశాను. సమాధానం లేదు. రెండోసారి రాస్తే కొత్త మోడళ్ళ బొమ్మలున్న పుస్తకం వచ్చింది. అదే కాలంలో పిల్లల గదికి వేసిన రంగు గురించి మరో సంస్థకు రెండుసార్లు రాశాను. డబ్బా మీద ఆకు బొమ్మ, దాని కింద "పర్యావరణ హితం" అన్న మాట ఉన్నాయి. లోపల ఏముందో చెప్పమని అడిగాను. అక్కడినుంచీ జవాబు లేదు. చివరికి సంబంధిత కార్యాలయంలో ఫిర్యాదు చేస్తే ఒక నంబరు ఇచ్చారు. మూడు వారాల తర్వాత ఆ నంబరు పక్కన "పరిష్కరించబడింది" అని కనిపించింది. ఏం పరిష్కరించారో నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మాలాంటివాళ్ళం ఎవరమో ముందు చెప్పాలి. సొంత ఇల్లు సొంత చేతులతో బాగుచేసుకునేవాళ్ళం. కొందరికి అది ఇష్టం. చాలామందికి మాత్రం వేరే దారి లేదు. మనిషిని పిలిచి చేయించుకునే స్తోమత ఉండదు, లేదా ఇంత చిన్న పనికి ఎవరూ రారు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళున్నారు, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళున్నారు. భూమికి మేలు చేయాలన్న ఆలోచన మాలో చాలామందికి ఉంది. ఆ మేలు ఖరీదైన కొత్త సామాను కొనడంలో కంటే, ఉన్నదాన్ని పారేయకుండా ఇంకో పదేళ్ళు నడిపించడంలోనే ఎక్కువగా ఉందని మా అనుభవం. అలా నడిపించుకునే వీలు లేకుండా చేస్తున్నవి ఏమిటో ఒక్కొక్కటిగా వివరిస్తాను.

1. కారే కుళాయికి దొరకని రింగు

సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు. సుమారు 4,000 చుక్కలకు లీటరు అనుకున్నా రోజుకు 21 లీటర్ల పైమాటే. ఏడాదికి దాదాపు 7,900 లీటర్లు. శుద్ధి చేసి, మోటారుతో పైకి తోడిన నీళ్ళివి. ఈ నష్టమంతా గ్రాము బరువు కూడా లేని రబ్బరు ముక్క దొరకకపోవడం వల్ల. కుళాయి మొత్తం మార్చుకోమనడమంటే పాడవని ఇత్తడిని, దాని మీది క్రోమియం పూతను, చెక్కు చెదరని పింగాణీ బిళ్ళలను చెత్తలో పడేయమనడమే. నేనైతే పారేయలేదు. వేరే కార్ట్రిడ్జ్‌లోంచి తీసిన రింగు ఒకటి ఎలాగో సరిపెట్టాను. నాలుగు నెలలు ఆగి, మళ్ళీ కారుతోంది.

కుళాయి మూతికి బిగించే ఏరేటర్ సంగతీ ఇంతే. నీటిలో గాలి కలిపి ధారను పలచన చేసే ఆ చిన్న జల్లెడ ఎంతో పనికొస్తుంది. నిమిషానికి 8.3 లీటర్లు వదిలే కుళాయిని 5.7 లీటర్లకు తగ్గించవచ్చు. చేతులు కడుక్కునేటప్పుడు తేడా తెలియదు కూడా. దాన్ని మార్చడానికి పనిముట్టు కూడా అక్కర్లేదు. గుడ్డ చుట్టి చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న మరలు రెండే, ఒకటి 24 మిల్లీమీటర్లది, ఇంకొకటి 22 మిల్లీమీటర్లది. అలాంటప్పుడు కొందరు తయారీదారులు తమ సొంత తాళంచెవితో తప్ప ఊడని, ఎవరి కొలతకూ సరిపోని ఏరేటర్లు పెట్టడం ఎవరి మేలు కోసం?

ఫ్లష్ ట్యాంకు లోపలి రబ్బరు మూత కూడా అంతే. ట్యాంకులో కాస్త రంగునీళ్ళు కలిపి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఆగితే చాలు. కింద గిన్నెలో రంగు కనిపిస్తే మూత కారుతున్నట్టే. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. పరీక్ష చేసుకున్న మనిషికి ఆ మూత దొరకాలి కదా!

ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి బట్టలుతికే యంత్రాల ముఖ్యమైన విడిభాగాలను, ఆ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా, పదేళ్ళపాటు అందుబాటులో ఉంచాలి. ఫ్రిజ్‌లకు ఏడేళ్ళు. మోటారు, సర్క్యూట్ బోర్డు ఉన్న యంత్రాలకే సాధ్యమైనప్పుడు ఒక రింగు, ఒక బిళ్ళ, ఒక మూత అమ్మడం మీకు అసాధ్యం కాదు.

2. రంగు డబ్బా మీద ఆకు బొమ్మ

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది పిల్లలకు సంబంధించిన విషయం.

ఇల్లు బాగుచేసుకుందామనుకున్న ఎవరైనా మొదట చేసేది రంగు వేయడమే. రంగు వేయాలంటే పాత పెచ్చులు గీకాలి, గోడంతా ఉప్పు కాగితంతో రుద్దాలి. ఆ పాత పొరల్లో సీసం ఉంటే, రుద్దినప్పుడు లేచే సన్నటి దుమ్ము నేల మీద, కిటికీ గట్ల మీద, పరుపుల మీద పడుతుంది. నేల మీద పాకే పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. శరీరంలో సీసం ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అనదగ్గ స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని తిరిగి సరిచేయలేనిది. ఇల్లు అందంగా చేద్దామని సెలవు రోజున పూనుకున్న తల్లిదండ్రులే, తెలియక, ఆ దుమ్మును ఇంట్లోకి తెచ్చిపెడుతున్నారు.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. ఇళ్ళ లోపలి రంగుల్లో తెల్ల సీసం వాడకూడదన్న ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే చేసింది. అమెరికా ఇంటి రంగుల్లో సీసానికి 1978లో 600 పీపీఎం హద్దు పెట్టి, 2009లో దాన్ని 90 పీపీఎంకు దించింది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి దేశాలన్నిటికీ సూచిస్తున్న హద్దు కూడా ఆ 90 పీపీఎంయే. అంటే ఎండిన రంగు కిలోలో 90 మిల్లీగ్రాములు. నూరేళ్ళుగా తెలిసిన ప్రమాదం గురించి, నా చేతిలోని డబ్బా మీద ఒక అంకె వేయండని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

రెండోది ఆవిరి. రంగు ఆరేటప్పుడు గాలిలోకి లేచే కర్బన రసాయనాలు తలనొప్పి, కళ్ళ మంట తెస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరాడనివ్వవు. మా పిల్లల గదిలో, కిటికీలు బార్లా తెరిచి ఉంచినా, రెండు వారాలపాటు వాసన పోలేదు. అన్ని రోజులూ పిల్లలు ముందు గదిలో నేల మీదే పడుకున్నారు. ఇంతకీ అది "తక్కువ వాసన" రంగేనట. వాసన లేదంటే ఆవిరి లేదని కూడా కాదు. వాసన తెలియకుండా పరిమళం కలపవచ్చు. తెలియాల్సింది లీటరుకు ఎన్ని గ్రాములు అన్నదే. ఐరోపాలో 2004 నాటి ఆదేశం ప్రకారం, గోడలకు, లోకప్పులకు వేసే మెరుపు లేని నీటి రంగుల్లో 2010 నుంచి లీటరుకు 30 గ్రాములు మించకూడదు. ఆ హద్దును, డబ్బాలోని సరుకులో గరిష్ఠంగా ఎంత ఉందో ఆ అంకెను, డబ్బా మీదే ముద్రించాలి కూడా. అక్కడ ముద్రించగలిగినది మిగతా చోట్ల ఎందుకు ముద్రించరు? ఆకు బొమ్మకు చోటున్న డబ్బా మీద రెండు అంకెలకు చోటు లేకుండా పోదు.

పాత రంగు మీద పనిచేసే మనిషికి కావలసిన జాగ్రత్తలు అయిదు వాక్యాలకు మించవు. గోడను పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. మంటతో కాల్చి తీయకండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, పని అయ్యాక దుమ్ముతో సహా మడిచి తీసేయండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదివైపు రానివ్వకండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఈ అయిదు వాక్యాలు ఎన్ని డబ్బాల మీద ఉన్నాయో మీరే ఒకసారి తిప్పి చూడండి.

3. చెమ్మగోడ మీద మందపాటి పూత

గోడ ఉబ్బి పెచ్చులూడుతోందంటే దుకాణంలో ముందుగా చేతిలో పెట్టేది నీరు చొరనివ్వని పూత. దాన్ని వేశాక మూడు నెలలు గోడ బాగానే కనిపిస్తుంది. తర్వాత పూత పొక్కుతుంది, పొక్కు వెనక బూజు, దానితో పాటు దగ్గు. గోడలోని నీటికి బయటికి వచ్చే దారి మూసేస్తే జరిగేది అదే.

అసలు చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఉంది. చేతిరుమాలంత ప్లాస్టిక్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులా టేపు వేయాలి. ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తేమ ప్లాస్టిక్‌కూ గోడకూ మధ్య పట్టిందంటే అది గోడలోంచి వస్తోంది. పైవైపున పట్టిందంటే గదిలోని ఆవిరే, దానికి గాలి ఆడే దారి చూపిస్తే చాలు. మొదటిదైతే పైపో, పైకప్పో, పునాదో బాగుచేయాలి. రెంటికీ ఆ ఖరీదైన పూత మందు కాదు. ఈ మాట డబ్బా మీద ఉంటే ఎంతమంది డబ్బు, శ్రమ మిగిలేవి!

సున్నం గురించీ ఇక్కడే చెప్పాలి. తడిపిన సున్నం పూత ఆరుతూ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుంది. గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, బూజు తొందరగా పట్టదు, చౌక. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నప్పుడు, సిమెంటు అక్కర్లేని చోట సున్నంతో సరిపెట్టుకోవాలన్న ఆలోచన మంచిదే. అయితే సున్నం పాతబడిన ప్లాస్టిక్ ఎమల్షన్ మీద పట్టదు, పొలుసుల్లా రాలిపోతుంది. తడి సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. ఇవి తెలియక చేతులు కాల్చుకున్నవాళ్ళు సున్నమే పనికిరాదని మానేస్తున్నారు. సున్నం సంచుల మీద బరువు, పేరు తప్ప ఇంకేమీ రాయని తయారీదారులదే ఆ తప్పు.

పైకప్పుకు తెల్లటి పూత వేయడం ఇంట్లోవాళ్ళు చేసుకోగల పనుల్లో అన్నిటికంటే ఫలితమిచ్చేది. ఎండ మండే రోజున నల్లటి పైకప్పు 65 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. ఎండను తిప్పికొట్టే పూత వేసినది అదే సమయంలో 25 డిగ్రీలకు పైగా తక్కువ వేడెక్కవచ్చు. పైఅంతస్తులో పడుకునే పెద్దవాళ్ళకు, పసివాళ్ళకు ఆ తేడా ఎంతో ముఖ్యం. కానీ "చల్లదనం ఇచ్చే రంగు" అని అమ్మే డబ్బాల్లో ఏది ఎండను ఎంత శాతం తిప్పికొడుతుందో తెలిసే దారి లేదు. కొత్తగా ఉన్నప్పటి లెక్క ఒక్కటే చాలదు. దుమ్ము పట్టి, మూడేళ్ళు ఎండకు ఎండి వానకు తడిశాక ఎంత మిగులుతుందో కూడా కావాలి. అమెరికాలో 1998లో ఏర్పడిన పైకప్పుల రేటింగ్ మండలి ఈ రెండు అంకెలనూ ప్రకటిస్తోంది. కొలిచే పద్ధతి ఉంది. ప్రకటించాల్సింది మీరు.

4. విప్పడానికి వీల్లేని దీపం

60 వాట్ల పాత బల్బు ఇచ్చే 800 ల్యూమెన్ల వెలుగును ఎల్‌ఈడీ 8 నుంచి 10 వాట్లతో ఇస్తుంది. నీలి ఎల్‌ఈడీ కనుగొన్న అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చింది ఊరికే కాదు. మేమంతా సంతోషంగా మారాం. మారాక తెలిసింది ఏమిటంటే, లోకప్పుకు బిగించే దీపాల్లో చాలావాటిని విప్పడానికే లేదు. ఎల్‌ఈడీ గింజలు చాలా ఏళ్ళు వెలుగుతాయి. ముందుగా పోయేది సాధారణంగా వాటికి కరెంటు అందించే డ్రైవర్, అందులోనూ వేడికి ఎండిపోయే చిన్న కెపాసిటర్. డ్రైవర్ మారిస్తే మళ్ళీ వెలగాల్సిన దీపాన్ని జిగురుతో అతికించి, రివెట్లు కొట్టి అమ్ముతున్నారు. అల్యూమినియం చట్రం, గాజు, పనిచేస్తున్న గింజలు, అన్నీ చెత్తకుప్పకే.

ఐరోపాలో 2021 సెప్టెంబరు నుంచి, సాంకేతిక కారణం చూపితే తప్ప, దీపంలోని వెలుగు భాగాన్ని, దాని నియంత్రణ భాగాన్ని మామూలు పనిముట్లతో పాడవకుండా తీయగలిగేలా ఉంచాలన్న నిబంధన ఉంది. మాక్కావలసింది సరిగ్గా అదే.

పాత చుట్టల బల్బులు (సీఎఫ్‌ఎల్‌లు), ట్యూబ్‌లైట్ల సంగతి కూడా చూడండి. వాటిలో పాదరసం ఉంటుంది. పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం కింద ఇళ్ళలో వాడే చాలా చుట్టల బల్బుల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2025తో, పొడవు ట్యూబ్‌లైట్లవి 2027లోగా ఆగిపోవాలి. అంటే ఈ కొన్నేళ్ళలో లెక్కలేనన్ని ఇళ్ళలోంచి అవి బయటికొస్తాయి. ఎక్కడ ఇవ్వాలో చెప్పకపోతే, పగిలిపోతే చీపురుతో ఊడ్చకూడదని చెప్పకపోతే, అవి మామూలు చెత్తలోనే పడతాయి. చెత్త ఏరుకుని బతికేవాళ్ళ చేతుల్లో పగులుతాయి.

5. కోసిన పలకకు పేరుండదు

పార్టికల్ బోర్డు, చౌక ప్లైవుడ్ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ఆ ఆవిరి ఎంత వస్తుందో చెప్పే ఈ1 వంటి తరగతి ముద్ర పెద్ద పలక మీద ఒక మూలన ఉంటుంది. మేము కొనేది కోసిన ముక్క. ముద్ర ఉన్న మూల ఇంకెవరి ఇంటికో వెళ్ళిపోతుంది. పలక వెనకవైపు అడుగడుక్కీ ఆ ముద్ర వేయండి. కోసిన అంచులకు పూత వేసి మూసేస్తే ఆవిరి తగ్గుతుందన్న మాట కూడా పక్కనే రాయండి.

6. ప్రాణం మీదికొచ్చేవి

"నిపుణులను సంప్రదించండి" అన్న ఒక్క వాక్యంతో మీ బాధ్యత తీరిపోయిందని మీరు అనుకుంటున్నట్టుంది. అది ఎవరినీ కాపాడటం లేదు. కాపాడేది కారణం చెప్పిన హెచ్చరిక.

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో దాన్ని పూర్తిగా నిషేధించాయి. అయినా అంతకుముందు వేసిన రేకులు ప్రపంచమంతటా ఇంకా కప్పుల మీద ఉన్నాయి. ఇంకా కొత్తవి వేస్తున్న చోట్లూ ఉన్నాయి. వాన నీటి గొట్టం కోసం ఒక మనిషి డ్రిల్లుతో రేకుకు కన్నం పెడతాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడుతుంది. టైల్స్, రాయి పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము కూడా క్యాన్సర్ కారకమే. కోసేటప్పుడు నీళ్ళు పోస్తే చాలావరకు అణుగుతుంది.

పాత రంగు ఊడదీసే ద్రావకాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉంటే, గాలి ఆడని స్నానాల గదిలో అది నిమిషాల్లో మనిషిని పడగొడుతుంది. స్నానపు తొట్ల పూత తీస్తూ చనిపోయినవాళ్ళున్నారు. అమెరికా 2019లో ఆ ద్రావకాలను మామూలు జనానికి అమ్మకుండా ఆపింది.

అవిసె నూనెతో చెక్కకు మెరుగుపెట్టడం చక్కటి, సహజమైన పద్ధతి. నేనూ చేస్తాను. కానీ ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, ఆరుతూ తమంతట తాము వేడెక్కి అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల భవనం తగలబడింది. 22వ అంతస్తులో వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. గుడ్డను విప్పి, ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి. ఇంత చిన్న సూచన. నేను కొన్న నూనె సీసా మీద మాత్రం "వంద శాతం సహజం" అని ఉంది, గుడ్డల మాట లేదు.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్, బట్టల బ్లీచ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఈ హెచ్చరిక కొన్ని సీసాల మీద ఉంది. భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్న అక్షరాల్లో.

మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. "విడిభాగాలు అందరికీ అమ్మితే తెలియనివాళ్ళు వేలు పెట్టి ప్రమాదం తెచ్చుకుంటారు" అంటారు. మెయిన్ కరెంటు లైను, గ్యాసు గొట్టం, ఇంటి బరువు మోసే గోడ, వీటి జోలికి మేమూ వెళ్ళం. వెళ్ళకూడదని తోటివాళ్ళకూ చెబుతాం. కానీ కుళాయి రింగు మార్చుకోవడం అలాంటి పని కాదు. పైగా, మీరు విడిభాగం అమ్మకపోయినా మనిషి ప్రయత్నం మానడు. సరిపోని ముక్కను ఎలాగో సరిపెడతాడు. నేనూ అదే చేశాను.

ప్లంబర్లకు, మేస్త్రీలకు, ఎలక్ట్రీషియన్లకు ఒక మాట. ఈ లేఖ మీ పొట్ట కొట్టడానికి కాదు. విడిభాగం దొరక్క పని వదులుకుంటున్నది మీరు కూడా. సీసం దుమ్ము, సిలికా దుమ్ము మాకంటే ఎక్కువగా పీలుస్తున్నది మీరే. మీ సంఘాల తరఫున ఈ కోర్కెలకు గొంతు కలపమని అడుగుతున్నాను. 2009లో మార్టీన్ పోస్ట్‌మా అనే మహిళ ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన రిపేర్ కెఫేల్లో, పని తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని తెలియనివాళ్ళకు నేర్పుతున్నారు. ఆ పద్ధతి అప్పటినుంచి ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ కూడా బల్ల మీదికి వచ్చిన వస్తువు బాగుపడాలంటే దాని విడిభాగం దొరకాలి.

మా కోర్కెలు:

ఒకటి. కుళాయి, ఫ్లష్ ట్యాంకు, దీపం, వీటి అరిగిపోయే భాగాలను మోడల్ ఆగిపోయాక కనీసం పదేళ్ళు విడిగా అమ్మాలి. భాగం కొలత, పేరు దాని మీదే చెక్కి ఉండాలి.

రెండు. ప్రతి రంగు డబ్బా మీద సీసం పీపీఎంలో, ఆవిరయ్యే రసాయనాలు లీటరుకు గ్రాముల్లో ముద్రించాలి. పైకప్పు పూతలకు కొత్తగా ఉన్నప్పటి, మూడేళ్ళ తర్వాతి పరావర్తన శాతాలు కూడా ఇవ్వాలి. అంకె చూపకుండా "పర్యావరణ హితం", "సహజం" అన్న మాటలు వాడటాన్ని అధికారులు ఆపాలి.

మూడు. హెచ్చరికలు జనం మాట్లాడే భాషలో, కళ్ళజోడు లేకుండా చదవగల అక్షరాల్లో, కారణంతో సహా ఉండాలి. ఏ గోడకు, ఏ పనికి ఆ సరుకు పనికిరాదో కూడా రాయాలి.

నాలుగు. పాదరసం దీపాలు, మిగిలిన రంగు, ద్రావకాలు, పాత రేకులు ఎక్కడ అప్పగించాలో అమ్మినచోటే చెప్పాలి. అమ్మినవాళ్ళే తిరిగి తీసుకునే ఏర్పాటు చేయాలి.

అయిదు. అధికారులకు ప్రత్యేకంగా: జవాబు ఇవ్వని ఫిర్యాదును "పరిష్కరించబడింది" అని మూసేయకండి. ఏం చేశారో ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా చెప్పాకే మూయండి.

వీటికి కాలం పడుతుందని తెలుసు. కాలం పట్టనివి రెండున్నాయి. ఏడాదిన్నరగా నేను అడుగుతున్న ప్రశ్నలే అవి, మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను. మా కుళాయిలోని కార్ట్రిడ్జ్ కొలత ఎంత, దాని అడుగు రింగు ఎక్కడ దొరుకుతుంది? మా పిల్లల గది గోడలకు వేసిన రంగులో సీసం ఎంత, లీటరుకు ఆవిరయ్యే రసాయనాలు ఎన్ని గ్రాములు? కుళాయి అడుగున ఉన్న మోడల్ నంబరు, డబ్బా మీది బ్యాచ్ నంబరు నా పాత ఉత్తరాలన్నిటిలోనూ ఉన్నాయి. అవి మీ దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
సొంత చేతులతో ఇల్లు బాగుచేసుకునే ఒక వినియోగదారు